స్వీడిష్ భాషలో భూతకాల క్రియారూపాలు

స్వీడిష్‌లో జరిగిపోయిన పనిని చెప్పడానికి మూడు రూపాలున్నాయి. మొదటిది సరళ భూతకాలం, ప్రీటెరితుమ్. పాత వ్యాకరణాలు దీన్నే ఇంపర్ఫెక్ట్ అనేవి. మిగతా రెండింటిలో 'సుపీనుమ్' అనే రూపానికి ముందు 'హార్' చేరితే పర్ఫెక్ట్, 'హాదె' చేరితే ప్లుస్క్వామ్‌పర్ఫెక్ట్ అవుతాయి.

సరళ భూతకాలం ఏర్పడే పద్ధతులు రెండు. రెండూ ప్రాచీన జర్మానిక్ మూలభాష నుంచి వచ్చినవే. బలక్రియల్లో ధాతువు లోపలి అచ్చు మారుతుంది: 'స్క్రీవ' అంటే రాయడం, 'స్క్రేవ్' అంటే రాశాడు. బలహీన క్రియలకు ద-కార, త-కార ప్రత్యయాలు చేరుతాయి: 'రింగ' నుంచి 'రింగ్‌దె'. బలక్రియలు సంఖ్యలో తక్కువే అయినా తినడం, తాగడం, వెళ్లడం వంటి నిత్యావసరాలు చాలా వాటిలోనే ఉన్నాయి. కొత్తగా పుట్టే క్రియలు మాత్రం దాదాపు ఎప్పుడూ 'అదె' ప్రత్యయమే తీసుకుంటాయి. 'గూగ్లదె' అందుకు ఉదాహరణ.

స్వీడిష్‌కు సొంత ముద్ర వేసింది సుపీనుమే. ఇది భూతకాల విశేషణపు నపుంసక రూపం నుంచి విడివడింది. బలక్రియల్లో 'ఇత్', 'ఎత్' అంత్యాలు చాలాకాలం కలగాపులగంగా ఉండేవి. 18వ శతాబ్దంలో రచనాభాష వాటిని వేరుచేసింది: 'హార్ స్క్రీవిత్' అంటే రాశాడు, 'స్క్రీవెత్' అంటే రాసిన. పొరుగున ఉన్న డేనిష్‌లో ఈ తేడా లేదు. ఉపవాక్యాల్లో 'హార్', 'హాదె' వదిలేసి సుపీనుమ్‌ను ఒంటరిగా నిలిపే అలవాటు 17వ శతాబ్దంలో జర్మన్ ప్రభావంతో వచ్చింది. ఇప్పటికీ రచనలో అది సాధారణం.

తెలుగులో రాశాను, రాశాడు, రాశారు అని క్రియ మారినట్టు నేటి స్వీడిష్‌లో మారదు. కర్త ఎవరైనా 'స్క్రేవ్' ఒక్కటే. పూర్వం బహువచనానికి 'స్క్రేవు' ఉండేది. వాడుకలో పోయిన చాలాకాలానికి కూడా అది రాతలో నిలిచింది. వార్తాసంస్థ టీటీ 1945లో బహువచన రూపాలను వదిలేశాక పత్రికల్లోనూ కనుమరుగైంది. మాటల్లో కుదింపు ఇంకా సాగుతోంది: 'సాదె' (చెప్పాడు) 'సా' అయింది, రాతలోకీ వచ్చేసింది. 'కస్తదె' (విసిరాడు) మాత్రం నోట 'కస్త' అయినా రాతలో పూర్తిగానే ఉంటుంది.

వాడుకలో, నిన్న, పోయినేడు వంటి గడిచిన సమయం చెబితే ప్రీటెరితుమ్ రావాలి. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నానని చెప్పడానికి పర్ఫెక్ట్ వాడతారు. తెలుగు అక్కడ వర్తమానంతో సరిపెడుతుంది. విదేశీ విద్యార్థులను తికమకపెట్టేది మరొకటి: భోజనం చేస్తూనే 'దెత్ వార్ గొత్', అంటే 'రుచిగా ఉండింది' అంటారు. ఇది గతం కాదు, అప్పటికప్పుడు కలిగిన అభిప్రాయం. కౌంటర్లలో పేరు అడిగేటప్పుడు కూడా మర్యాద కోసం 'హూర్ వార్ నమ్నెత్' అని భూతకాలంలోనే అడుగుతారు.