వియత్నాం వంటయింటి చరిత్ర

ఒక దేశమును ఎవరెవరు పాలించిరో తెలిసికొనుటకు శాసనములను చదువుట యొక మార్గము. అచటి వంటయింటిని పరికించుట మరియొక మార్గము. వియత్నాం భోజనమునకు క్రొత్తవారైన శ్రోతలకు దానిని పరిచయము చేయబూని, మేము ఈ రెండవ మార్గమునే అవలంబించుచున్నాము.

క్రీ. పూ. 111 మొదలు క్రీ. శ. 938 వరకు, నడుమ కొలది విరామములు దప్ప, ఉత్తర వియత్నాం చైనా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. జంట పుల్లలతో భుజించుట, సోయా పాలను విరిచి చేయు టోఫు మున్నగునవి ఆ సంబంధమున వచ్చినవే. అయినను వారి వంటకు ప్రాణము సోయా ద్రవము గాదు, చేపల ద్రవము. దీనిని ‘నూక్ మామ్’ అందురు. నెత్తళ్ల వంటి చిన్న చేపలను ఉప్పుతో కలిపి, కొయ్య తొట్లలో ఇంచుమించు ఒక సంవత్సరము మాగనిచ్చి, దిగిన రసమును పట్టుదురు. ఫూక్వోక్ ద్వీపము దీనికి పేరుగాంచినది.

1858లో ఫ్రెంచి సేనలు దానాంగ్ రేవున దిగెను. 1897లో గవర్నరు జనరలుగా వచ్చిన పాల్ డూమే ఉప్పు, సారాయి, నల్లమందులపై సర్కారు గుత్తాధిపత్యమును బిగించెను. చేపల ద్రవమునకు ఉప్పే ఆధారము. పితృదేవతలకు నివేదించునది బియ్యపు సారాయి. దానిని ఇంట కాచుట నేరమయ్యెను. ఉప్పు పన్ను బాధ నెరిగిన మనకు వారి కష్టము తెలియనిది గాదు.

అయినను ఆ ప్రజలు పాలకుల రొట్టెను విడువలేదు. దానిని చీల్చి మాంసము, ఊరవేసిన ముల్లంగి, కొత్తిమీర, మిరపకాయలు కూర్చి ‘బాన్ మీ’ గావించిరి. కాఫీలో తాజా పాలకు బదులు డబ్బాలలోని చిక్కని తీపి పాలు పోసిరి. 1946లో హనోయి నగరమున పాలకు కరవు రాగా, గ్రుడ్డు పచ్చసొనను చక్కెరతో గిలకొట్టి కాఫీపై వేసిరి. అనాస పువ్వు, దాల్చిన చెక్క, అల్లము వేసి మరిగించిన ఎముకల రసములో బియ్యపు సేమ్యా కలిపి యిచ్చు ‘ఫో’ ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఉత్తరమున వెలసినది. 1954లో దేశము విభజింపబడగా, దక్షిణమునకు తరలిన లక్షలాది జనులతో అదియు అచట మిగుల వ్యాపించెను. దక్షిణమువారు దాని ప్రక్కన మొలకలను, తులసిజాతి ఆకులను పళ్లెము నిండ నుంచుదురు. క్రొత్తవారు మొదట ఒట్టి రసమును రుచిచూచి, పిదప నిమ్మరసము, ఆకులు చేర్చుకొనుట మేలు.

ఇన్ని రుచులున్నను వారికి భోజనమనగా అన్నమే. ‘కోమ్’ అను నొక్క మాటకే అన్నమనియు భోజనమనియు నర్థము. 1944-45 సంవత్సరములలో, జపాను ఆక్రమణ కాలమున, సేనలకై ధాన్యమును బలవంతముగా సేకరించుటచేతను, వరిపొలములలో జనపనార వేయించుటచేతను, వరదలచేతను, బాంబుదాడులకు దారులు తెగి దక్షిణపు బియ్యము రాకపోవుటచేతను, ఉత్తరమున లక్షలాది జనులు ఆకలితో మరణించిరి. నేటికిని వియత్నాంలో ఎదురుపడినవారిని ‘అన్నము తింటిరా?’ అని పలుకరింతురు. అట్టి కరవును చూచిన నేలపై ఆ ప్రశ్నను ఒట్టి మర్యాదగా మేము తలపజాలము.