క్రాకర్ – ఒక మచ్చల నాయకుడు, ఒక మాననిగాయం

కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ని చదువుతూ పెరిగినవాణ్ణి. అపరాధ పరిశోధకుడంటే నిబ్బరానికి మారుపేరని నా నమ్మకం. హారీ పాటర్ చిత్రాల హాగ్రిడ్‌గానే నేనెరిగిన రాబీ కోల్‌ట్రేన్ 2022లో కన్నుమూసినప్పుడు, ఆయన పాత నటనను వెతుకుతూ ‘క్రాకర్’ చూశాను. ఆ నమ్మకం చెదిరింది.

1993లో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన ఈ ధారావాహిక సృష్టికర్త లివర్‌పూల్ వాడైన జిమ్మీ మెక్‌గవర్న్. కథాస్థలం మాంచెస్టర్. నాయకుడు ఫిట్జ్ పోలీసులకు సాయపడే మనస్తత్వవేత్త. తాగుబోతు, జూదానికి సంసారాన్నే ఒడ్డినవాడు. తనలోని చీకటి తెలిసినవాడు కనుకనే ఎదుటివాడి చీకటిని పోల్చుకోగలడు.

1994లో వచ్చిన ‘టు బి ఎ సమ్‌బడీ’ కథ చూడాలంటే కొంత చరిత్ర తెలియాలి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ చూడవచ్చిన లివర్‌పూల్ అభిమానులు ఇనుపకంచెల మధ్య నలిగిపోయారు. మృతులు 96 మంది. 2021లో మరొకరితో 97. తప్పు తాగివచ్చిన జనానిదేనన్నారు పోలీసులు. ‘ది సన్’ పత్రిక దానికి వంతపాడింది. ప్రధాన కారణం పోలీసుల వైఫల్యమేనని న్యాయమూర్తి టేలర్ ఆ ఏడాదే తేల్చినా, 1991 విచారణలో జ్యూరీ ‘ప్రమాదవశాత్తు మరణం’ అని తీర్పు చెప్పింది.

కథలో ఆల్బీ (రాబర్ట్ కార్లైల్) ఆ తొక్కిసలాటనుంచి బయటపడినవాడు. తండ్రి పోయిన దుఃఖంలో ఉండగా, 4 పెన్నీలు తక్కువైనందుకు మొదలైన గొడవలో ఒక పాకిస్తానీ దుకాణదారుణ్ణి చంపుతాడు. గుండు చూసి జాతిద్వేషి అనుకుంటారు పోలీసులు. ఫిట్జ్ ఆ తేలిక జవాబును ఒప్పుకోడు. అలాగని మెక్‌గవర్న్ హంతకుణ్ణి క్షమించనూలేదు. హిల్స్‌బరోతో ఏ సంబంధమూ లేని ఆ దుకాణదారుడి శవం మన కళ్ళముందే ఉంటుంది. అబద్ధం చెప్పినవాళ్ళు ఒకరు, దాని మూల్యం చెల్లించినవాడు మరొకడు. నన్ను కలవరపెట్టినది ఇదే.

పోలీసుల వాంగ్మూలాలు 164 మార్చబడ్డాయని 2012లో స్వతంత్ర సంఘం బయటపెట్టింది. 2016లో కొత్త జ్యూరీ, ఆ మరణాలు చట్టవిరుద్ధ హత్యలేననీ, అభిమానుల తప్పేమీ లేదనీ తీర్పునిచ్చింది. అయినా నాటి పోలీసు అధికారి డకెన్‌ఫీల్డ్ 2019లో నిర్దోషిగా విడుదలయ్యాడు.

న్యాయస్థానం రికార్డులో ‘ప్రమాదం’ అన్న మాటే నిలిచివున్న రోజుల్లో, కోట్లమంది చూసే తెరమీద ఒక నేరకథ ఆ మాటను కాదన్నది. చరిత్ర రాసేవాళ్ళు కాలక్షేపపు కథలనూ ఒకసారి తిరగేయాలి అనిపించింది.