న్యాయవాద పరీక్షలు: ద్వారమూ, భాషా

భారతదేశంలో న్యాయవాదవృత్తికి శాసనబద్ధమైన ప్రవేశద్వారం 1793లో ఏర్పడినది. అంతకుముందు వకీలు అనేవాడు లేకపోలేదు. మొగలాయి దర్బారులలోను, నవాబుల కచేరీలలోను ఒకరి పక్షాన మరొకరు నిలిచి మాట్లాడే ఆచారం చిరకాలంగా ఉన్నదే. కాని కారన్‌వాలిస్ ప్రభువు పాలనలో వెలువడిన బెంగాలు 7వ రెగ్యులేషను ఆ ఆచారాన్ని ఒక క్రమంలో పెట్టినది. కంపెనీ న్యాయస్థానాలలో వాదించదలచినవాడు సదర్ దివానీ అదాలతు వద్ద సనదు పొందవలెనన్నది. కలకత్తా మదర్సాలోను, కాశీ సంస్కృత విద్యాలయంలోను చదివినవారినుండి వకీళ్లను ఎన్నుకొనవచ్చునన్నది. హిందువులు, మహమ్మదీయులు మాత్రమే ఆ సనదుకు అర్హులు.

ఆనాటినుండి ఈ ద్వారం అనేక పర్యాయాలు రూపు మార్చుకొన్నది. యోగ్యుని ఎన్నుకొనుటయే ప్రతి పర్యాయం చెప్పబడిన ఉద్దేశం. ఆ ఉద్దేశంలో దోషమేమీ లేదు. తన ఆస్తిని, మానాన్ని, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని వేరొకరి వాక్కుకు అప్పగించేవాడు ఆ వాక్కుకు యోగ్యత ఉండవలెనని కోరుట న్యాయమే. అయితే న్యాయశాస్త్రానికి సిద్ధపడుటకు ముందుగా అభ్యర్థి ప్రతి తరంలోను మరొకదానికి సిద్ధపడవలసి వచ్చినది. ఆ మరొకటి ఏమిటో గమనించినప్పుడే, లోపలికి వచ్చినవారెవరో, వెలుపల మిగిలినవారెవరో తెలియవస్తుంది.

మొదటి తరంలో అది ఫార్సీ. ధర్మశాస్త్రం సంస్కృతంలోను, ఇస్లామీయ శాస్త్రం అరబ్బీలోను ఉన్నప్పటికీ, బెంగాలు ప్రాంతపు అదాలతులలో దస్తావేజులు నడిచినది ఫార్సీలోనే. కనుక ఉత్తరదేశంలో కచేరీ కొలువును ఆశించిన కాయస్థ కుటుంబాలు తమ బిడ్డలను మక్తబులకు పంపి ఫార్సీ చెప్పించినవి. ఫార్సీ చదివి నూనె అమ్ముకొంటున్నాడు, ఇది విధి వింత అని హిందీలో ఒక సామెత ఉన్నది. ఆ భాష నేర్చినవానికి కూటికి కరవు ఉండదని లోకం నమ్మిన కాలానికి ఆ సామెతయే సాక్షి. 1837లో కంపెనీ ప్రభుత్వం న్యాయస్థానాలనుండి ఫార్సీని తొలగించినది. క్రమంగా కింది న్యాయస్థానాలలో దేశభాషలు, పై న్యాయస్థానాలలో ఇంగ్లీషు దాని స్థానాన్ని ఆక్రమించినవి. తరతరాలుగా కూడబెట్టిన విద్య ఒక్క శాసనంతో చెల్లని నాణెమైనది.

1846లో వచ్చిన చట్టం జాతి మత భేదాలను తొలగించి, తగిన అర్హత చూపిన వారందరికీ ప్లీడరు వృత్తిని తెరిచినది. 1855లో బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరాలలో న్యాయశాస్త్ర బోధన ఆరంభమైనది. 1857లో మూడు విశ్వవిద్యాలయాలు, 1862లో మూడు హైకోర్టులు వెలసినవి. జాతి మతాల అడ్డు తొలగిన తరుణంలోనే ఇంగ్లీషు అనే అడ్డు పైకి లేచినది. 1879 నాటి లీగల్ ప్రాక్టిషనర్స్ చట్టం కింద అడ్వకేట్లు, అటార్నీలు, హైకోర్టు వకీళ్లు, ప్లీడర్లు, ముఖ్తార్లు, రెవెన్యూ ఏజెంట్లు అని ఆరు తెగలు ఉండేవి. వీరిలో ప్లీడర్లకు, ముఖ్తార్లకు కావలసిన అర్హతలను, పరీక్షలను నిర్ణయించే అధికారం హైకోర్టులకు ఇవ్వబడినది. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క మెట్టు. కింది మెట్టువాడు పై న్యాయస్థానంలో నోరు మెదపరాదు.

ఈ మెట్ల వరుస వల్ల కొంత మేలు కూడ జరిగినది. విశ్వవిద్యాలయపు పట్టా లేనివాడు సైతం పరీక్షలో నెగ్గి వృత్తిలో ప్రవేశించగలిగినాడు. మోతీలాల్ నెహ్రూ బి.ఏ. పరీక్షను పూర్తి చేయలేదు. అయినను 1883లో హైకోర్టు వకీలు పరీక్షకు కూర్చుండి, ప్రథముడుగా నిలిచి, బంగారు పతకం పొందినాడు. కాన్పూరు జిల్లా న్యాయస్థానాలలో పని నేర్చుకొని అలహాబాదు చేరినాడు. పరీక్ష ఒక్కటే కొలమానమైనచోట చదువు మధ్యలో ఆగిన యువకుడు కూడ పైకి రాగలడనుటకు ఆయన జీవితం ఉదాహరణ.

తెలుగుదేశంలో టంగుటూరి ప్రకాశం కథ ఇంతకంటె కఠినమైనది. తండ్రి మరణించిన పిమ్మట తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి బిడ్డలను పోషించినది. ప్రకాశం సెకండ్ గ్రేడు ప్లీడరు పరీక్షలో నెగ్గి రాజమహేంద్రవరంలో వాదనకు దిగినాడు. పేరు వచ్చినది, ధనమూ వచ్చినది. కాని సెకండ్ గ్రేడు ప్లీడరుకు మద్రాసు హైకోర్టులో వాదించే హక్కు లేదు. తాను కింది కోర్టులో గెలిచిన వ్యాజ్యాన్ని పై కోర్టులో మరొకరి చేతికి అప్పగించవలసినదే. ఆ గోడను దాటుటకు ఆయన 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిష్టరై, 1907లో తిరిగివచ్చి మద్రాసులో వృత్తి ఆరంభించినాడు. ఈ కథనంతా ఆయన ‘నా జీవితయాత్ర’లో స్వయంగా చెప్పుకొన్నాడు.

బారిష్టరు పట్టా కోసం లండనుకు పోయినవానికి ఎదురైన పరీక్ష ఎటువంటిది? 1888లో ఇన్నర్ టెంపుల్‌లో చేరిన గాంధీ తన ఆత్మకథలో దానిని దాపరికం లేకుండ వర్ణించినాడు. నియమాలు రెండే. పన్నెండు టరములు గడుపుట ఒకటి, పరీక్షలలో నెగ్గుట రెండవది. టరము గడుపుట అనగా సంస్థ భోజనశాలలో నియమిత సంఖ్యలో విందులకు హాజరగుటయే. పరీక్షలు రోమను న్యాయంలో ఒకటి, ఇంగ్లండు సామాన్య న్యాయంలో మరొకటి. చాలమంది అచ్చుపడిన నోట్సు వల్లించి కొద్దివారాలలో గట్టెక్కేవారు. గాంధీ మాత్రం రోమను న్యాయాన్ని లాటిన్‌లోనే చదివినాడు. 1891 జూన్ 10న బారిష్టరై, 11న హైకోర్టులో నమోదై, 12న స్వదేశానికి ఓడ ఎక్కినాడు. హిందూ న్యాయం గాని, మహమ్మదీయ న్యాయం గాని ఆ చదువులో భాగం కాలేదు. అయినను కలకత్తా హైకోర్టు మూలవిచారణ శాఖలో వకీళ్లకు లేని హక్కు బారిష్టర్లకు ఉండేది. దేశపు న్యాయాన్ని చదివినవానికంటె సముద్రం దాటినవానికి గౌరవం ఎక్కువ.

సముద్రం దాటుటకు ధనం కావలెను. లండనులో న్యాయవిద్య ఆరంభించిన అంబేడ్కరు, బరోడా సంస్థానపు విద్యార్థివేతనం గడువు తీరుటచేత 1917లో చదువు ఆపి తిరిగి రావలసి వచ్చినది. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో 1920లో మరల లండను వెళ్లినాడు. 1923లో బొంబాయిలో వృత్తి ఆరంభించినాడు. తరువాతి కాలంలో రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన మేధావికి సైతం ఈ ద్వారం వద్ద అడ్డుపడినది తెలివితేటలు చాలకపోవుట కాదు, పైకం చాలకపోవుట.

ధనమూ, విద్యా రెండూ ఉన్నప్పటికీ తెరుచుకొనని తలుపు మరొకటి ఉండేది. నాసిక్‌లో జన్మించిన కోర్నీలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డులో బి.సి.ఎల్. పరీక్ష వ్రాసి నెగ్గినది. ఆ పరీక్షకు కూర్చున్న మొదటి స్త్రీ ఆమెయే. పట్టా మాత్రం 1922 వరకు ఆమె చేతికి రాలేదు. స్వదేశానికి వచ్చి 1897లో బొంబాయి విశ్వవిద్యాలయపు ఎల్.ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు పరీక్ష వ్రాసి నెగ్గినది. అయినను వకీలుగా ఆమె పేరు నమోదు కాలేదు. 1916లో రెజీనా గుహ దరఖాస్తును కలకత్తా హైకోర్టు, 1921లో సుధాంశుబాల హజ్రా దరఖాస్తును పట్నా హైకోర్టు నిరాకరించినవి. 1879 చట్టంలోని ‘వ్యక్తి’ అన్న పదం స్త్రీని ఉద్దేశించినది కాదని న్యాయమూర్తుల అభిప్రాయం. 1921లోనే అలహాబాదు హైకోర్టు కోర్నీలియా సొరాబ్జీని నమోదు చేసుకొన్నది. 1923 చట్టంతో ఆ నిషేధం దేశమంతటా తొలగినది. పరీక్షలో నెగ్గినవారిని సైతం వెలుపల నిలిపిన ఆ కాలాన్ని తలచినప్పుడు, పరీక్ష యోగ్యతను మాత్రమే తూచే త్రాసు అన్న మాట సగమే నిజమని తోస్తుంది.

స్వాతంత్ర్యానంతరం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం వకీలు, ప్లీడరు, ముఖ్తారు, బారిష్టరు అన్న తెగలకు బదులు అడ్వకేటు అన్న ఒకే తెగను నిలిపినది. ప్రకాశానికి అడ్డువచ్చిన గోడ ఆ చట్టంతో కూలినది. అయితే ఎల్.ఎల్.బి. పట్టాయే వృత్తికి తాళపుచెవి అయినప్పుడు, ఆ పట్టా విలువ ఏపాటిదన్న ప్రశ్న పుట్టినది. సీతల్వాడ్ అధ్యక్షతన లా కమిషను 1958లో సమర్పించిన 14వ నివేదిక న్యాయవిద్య ప్రమాణాలు దిగజారినవని అంతకుముందే తీవ్రంగా విమర్శించి ఉన్నది. ఆ విమర్శకు దీటైన సమాధానం 30 ఏండ్ల తరువాత బెంగుళూరులో లభించినది. మాధవ మీనన్ నేతృత్వంలో అక్కడి జాతీయ న్యాయవిద్యాలయం 1988లో మొదటి తరగతిని చేర్చుకొన్నది. ఇంటర్మీడియెటు ముగియగానే ఐదేండ్ల చదువు, చేరుటకు పోటీ పరీక్ష అక్కడి పద్ధతి. ఆ నమూనాపై ఇతర రాష్ట్రాలలో కూడ విద్యాలయాలు వెలసినవి. 1998లో హైదరాబాదులో నల్సార్, 2008లో విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య పేరిట మరొక విశ్వవిద్యాలయం ఆ విధంగా ఏర్పడినవే.

ఒక్కొక్క విద్యాలయం ఒక్కొక్క పరీక్ష పెట్టుటచేత విద్యార్థులు ఊరూరా తిరుగవలసి వచ్చినది. 2006లో ఒక విద్యార్థి ఈ కష్టాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టినాడు. ఫలితంగా 7 విద్యాలయాలు ఒప్పందం చేసుకొని 2008 మే నెలలో మొదటి ఉమ్మడి ప్రవేశ పరీక్షను జరిపినవి. క్లాట్ అన్న పొట్టిపేరు దానికి స్థిరపడినది. కాలక్రమాన ఆ 7 సంఖ్య 20ని మించినది.

ఈ పరీక్షకు సిద్ధపడుట అనగా ఏమిటి? 2020 నుండి ప్రశ్నలన్నీ గద్యభాగాల ఆధారంగా వస్తున్నవి. 2024 ప్రవేశాలనాటికి ప్రశ్నల సంఖ్య 150 నుండి 120కి తగ్గినది. వ్యవధి 2 గంటలు. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయతర్కం, సాధారణ తర్కం, గణితం అని ఐదు భాగాలు. తప్పు సమాధానానికి పావు మార్కు కోత. న్యాయతర్కంలో సైతం ముందుగా చట్టాలు చదివి ఉండనక్కర లేదు. సూత్రం గద్యంలోనే ఉంటుంది, దానిని కొత్త సందర్భానికి అన్వయించవలెను. వల్లించిన నోట్సుకంటె ఆలోచనకు విలువనిచ్చే ఈ పద్ధతి, గాంధీ చూచిన లండను పరీక్షకంటె ఎంతో మెరుగైనది. దీనిని ఒప్పుకొనక తప్పదు.

కాని గద్యభాగాలన్నీ ఇంగ్లీషులోనే. గణితపు ప్రశ్నకు కూడ ముందు ఇంగ్లీషు పేరా చదువవలెను. నిమిషానికి ఒక ప్రశ్న చొప్పున పరుగెత్తే ఆ పరీక్షలో, ఇంట ఇంగ్లీషు పత్రిక చదివి పెరిగిన బాలిక కంటితో చదువుతుంది. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించిన బాలిక ఒక్కొక్క వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకొని, అర్థం పోల్చుకొని, మరల ఇంగ్లీషుకు వస్తుంది. తర్కంలో ఆమె వెనుకబడి ఉండనవసరం లేదు. గడియారం మాత్రం ఆమెను వెనుకకు నెడుతుంది. దీనికి తోడు శిక్షణాలయాల రుసుము. దరఖాస్తుకే 2020 తరువాతి కొన్నేండ్లలో సాధారణ అభ్యర్థి చెల్లించినది 4000 రూపాయలు. ఈ అంతరాన్ని గుర్తించి ఆచార్య షంనాద్ బషీర్ 2010లో ఇడియా అనే సంస్థను స్థాపించి, బీద విద్యార్థులకు న్యాయవిద్యా ప్రవేశానికి ఉచిత శిక్షణ ఇప్పించే ఏర్పాటు చేసినాడు. 2023లో ఈ పరీక్షను ఇతర భారతీయ భాషలలో కూడ జరుపవలెనని ఢిల్లీ హైకోర్టులో ఒక వ్యాజ్యం దాఖలైనది.

పై న్యాయస్థానాల భాష ఇంగ్లీషే కదా, పరీక్ష వేరుగా ఎట్లుండును అని అడుగువారు ఉన్నారు. ఆ ప్రశ్నలో బలమున్నది. రాజ్యాంగపు 348వ అధికరణం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఇంగ్లీషులో ఉండవలెనని నిర్దేశించినది. రాష్ట్రపతి అనుమతితో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టులలో మాత్రం హిందీకి కొంత చోటు లభించినది. ఇంగ్లీషు రాని న్యాయవాది పై కోర్టులో నిలువలేడు. ఐతే ఐదేండ్ల చదువు ముగిసినప్పుడు ఉండవలసిన నేర్పును, ఆ చదువు ఆరంభమే కాని 17 ఏండ్ల వయసున కోరుట సరియా అన్నది వేరొక ప్రశ్న. ఇతర పరీక్షల అనుభవం దీనికి సమాధానం సూచిస్తున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో జరిగే లాసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడ ఉంటుంది. తెలంగాణలో ఉర్దూకు కూడ చోటున్నది. పట్టా పొందిన తరువాత వృత్తి చేయుటకు బార్ కౌన్సిలు 2011 నుండి జరుపుతున్న అఖిల భారత పరీక్షను తెలుగు, హిందీ మొదలైన భాషలలో వ్రాయవచ్చును. వృత్తి గడప వద్ద అనుమతించబడిన భాషకు విద్య గడప వద్ద మాత్రం అనుమతి లేదు.

న్యాయవాది చేసే మొదటి పని అనువాదమే. గట్టు తగాదాలో ఉన్న రైతు, భరణం కోరే ఇల్లాలు, కూలి అందని పనివాడు తమ గోడును తమ మాటలలో చెప్పుకొంటారు. దానిని న్యాయస్థానపు మాటలలోకి తెచ్చి, తీర్పును తిరిగి వారి మాటలలో వివరించగలవాడే వారికి వకీలు. 1793లో ఆ రెండవ ఒడ్డున ఫార్సీ ఉన్నది, ఈనాడు ఇంగ్లీషు ఉన్నది. జాతీయస్థాయి ప్రవేశపరీక్ష ఆ ఒడ్డును ఎరిగినవారెవరో శ్రద్ధగా తూస్తున్నది. కక్షిదారు నిలిచి ఉన్న ఈ ఒడ్డును ఎరుగుట కూడ యోగ్యతయే అన్న గుర్తింపు ఆ ప్రశ్నపత్రంలోకి ఇంకను రాలేదు.