ఇర్రికి ఏ తూటా? ఆదోని సీమ వేటలో మనవాళ్ళ పాలు

పోయిన శనగ పంట కాలంలో ఒక పొద్దున ఏడో తరగతి పిల్లవాడొకడు ఆలస్యంగా బడికొచ్చాడు. తెల్లవారుజామునుంచి వాళ్ళ నాయనతో చేను కాపలా కాశాడట. జింకల మంద పడి మొలకలు మేసిపోతోందట. "సార్, జింకను కొట్టాలంటే ఏ తుపాకి కావాల? ఏ గుండు ఎయ్యాల?" అని అడిగాడు. తక్కిన పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు మా జేజినాయనకు తెలుసు. తెలిసినా ఆయన మాటకు విలువ లేకపోయింది. ఎందుకు లేకపోయిందో చెప్పాలంటే మన సీమ చరిత్ర కొంత చెప్పుకోవాలి.

ఈ నేల, ఈ జంతువు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల దట్టమైన అడవి లేదు. ఉన్నది నల్లరేగడి, గడ్డి బయళ్ళు, అక్కడక్కడా రాతిగుట్టలు. ఈ బయలు నేలే కృష్ణ జింకకు ఇల్లు. మగదాన్ని ఇర్రి అంటాం, ఆడదాన్ని లేడి అంటాం. ఇర్రికి మెలితిరిగిన కొమ్ములుంటాయి. దుప్పి కొమ్ములు రాలి మళ్ళీ మొలుస్తాయి, ఇర్రి కొమ్ములు రాలవు. బాగా ఎదిగిన ఇర్రి 40 కిలోల దాకా తూగుతుంది. దాగే చెట్టు లేదు కాబట్టి దాని బలమంతా కళ్ళలోనూ కాళ్ళలోనూ ఉంది. మనిషిని దూరాన్నే పసిగట్టి పరుగు తీస్తుంది.

అటువంటి జంతువును పట్టాలంటే ఓపిక కావాలి. ఈ సీమలో వేట అనగానే ముందు గుర్తొచ్చేది బోయలు. మా ఎరుకల వాళ్ళది బుట్టలల్లడం, పందులు మేపడం, ఎరుక చెప్పడం, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్మడం. వాటితో పాటు ఉచ్చులు పెట్టి కౌజులను, కుందేళ్ళను పట్టడమూ మాకు వచ్చు. ఉచ్చు పెట్టేవాడు జంతువు నడిచే దారి, నీళ్ళకొచ్చే వేళ, గాలి వాటం అన్నీ చదవాలి. ఆ చదువు మాకు తరాలుగా వచ్చింది.

తుపాకి ఎవరిది?

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంపినీకి అప్పగించాడు. అందుకే దత్త మండలమన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1871లో మద్రాసు, బొంబాయి రైలుదారులు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి ఆదోని మీదుగానే పోతుంది. రైలొచ్చాక ఎద్దుల మీద ఉప్పు మోసే మా వాళ్ళ వ్యాపారం పడిపోయింది. అదే 1871లో ఉత్తరాదిలో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్ళు ఆ జాబితాలోకెక్కారు. వేలిముద్ర, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. దొంగతనం చేసినా చేయకపోయినా పుట్టుకే నేరమైంది.

ఈ రెండిటికీ నడుమ 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకి పట్టాలంటే లైసెన్సు కావాలి. తెల్లవాళ్ళకు మినహాయింపు. 1920 నిబంధనలతో ఆ రంగుభేదం చాలావరకు పోయినా, మా ఊళ్ళలో లైసెన్సు అందింది ఆస్తి, పలుకుబడి ఉన్నవాళ్ళకే. పోలీసు హాజరు వేసే ఎరుకలవాడు లైసెన్సు అడగగలడా? పక్క రాష్ట్రంలో కొడగు వాళ్ళకు ఇంగ్లీషు ప్రభుత్వం ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. అది నేటికీ సాగుతోంది. ఒక జాతికి తుపాకి గౌరవచిహ్నమైంది. ఇంకొక జాతికి చేతికర్ర కూడా అనుమానమైంది.

తూటా లెక్క

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్నకొద్దాం. మొదట్లో ఊళ్ళలో ఉన్నది మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి. మందు, పీచు, గుండు వరసగా దించి గజంతో దట్టించాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ నింపేలోపు మంద కనిపించదు. అందుకే చాలా దగ్గరికి పోతే తప్ప పేల్చేవాళ్ళు కాదు. తర్వాత తోటా తుపాకులొచ్చాయి. పన్నెండు బోరు అంటే, ఆ గొట్టంలో పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను బరువన్నమాట.

దొరలు రైఫిళ్ళతో వచ్చారు. 19వ శతాబ్దం చివర చిన్న గొట్టం, ఎక్కువ వేగం ఉన్న రైఫిళ్ళు వాడకంలోకొచ్చాయి. అప్పుడొక చిక్కు తెలిసింది. రాగి తొడుగు నిండా ఉన్న తూటా జంతువులో సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. జంతువు పడదు, పరుగెత్తి ఎక్కడో నెత్తురు కారి చస్తుంది. అందుకని ముక్కు దగ్గర సీసం బయటికి వదిలిన మెత్తమొన తూటాలు చేశారు. తగలగానే మొన విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890ల్లో ఇటువంటివే సైన్యానికి చేశారు. యుద్ధంలో మనిషి మీద వాడకూడదని 1899లో హేగ్ సమావేశం వాటిని నిషేధించింది. వేటలో మాత్రం అదే తూటా దయగలదైంది, ఎందుకంటే జంతువు వెంటనే పడుతుంది. మనిషి విషయంలో క్రూరమైంది జంతువు విషయంలో కరుణ కావడం వింతగా ఉంటుంది గానీ, వేటగాడి ధర్మం అంతా అందులోనే ఉంది. చంపితే ఒక్క దెబ్బకు చంపాలి.

ఇక పాయింట్ టూటూ రైఫిలు. దాని తూటా అడ్డకొలత 5.6 మిల్లీమీటర్లు, పెన్సిలు కంటె సన్నం. మామూలుగా బరువు 2.6 గ్రాములు, రూపాయి బిళ్ళ కంటె తేలిక. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. అందుకే కలవాళ్ళ ఇళ్ళలోకి తేలిగ్గా వచ్చింది. దీనికీ రెండు రకాల తూటాలున్నాయి. గట్టి సీసం మొన ఒకటి, మొనలో గుంట ఉన్నది ఒకటి. గుంట మొనది కుందేలుకు సరిపోతుంది. జింకలోనైతే చర్మం కింద, కండలోనే విచ్చుకుని ఆగిపోయి గుండెదాకా పోకపోవచ్చు. గట్టి మొనది లోపలికి పోతుంది గానీ సన్నటి గాయమే చేస్తుంది. అంటే ఏది ఎంచుకున్నా తప్పే. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం మామూలుగా జింక మీద కాల్చే రైఫిలు తూటాకు కనీసం 1,700 అడుగు-పౌన్ల శక్తి ఉండాలనీ, అది మెత్తమొనదో గుంటమొనదో కావాలనీ అంటుంది. టూటూ తూటా శక్తి అందులో పదో వంతు కూడా లేదు. పైగా అది గురి తప్పితే మైలు దాటి పోగలదు. అడ్డంలేని మా బయళ్ళలో ఆ మైలు లోపల గొర్రెల కాపరులు, కలుపు తీసే కూలీలు ఉంటారు.

మన 1959 ఆయుధాల చట్టం కూడా ఈ తేడా చూసింది. పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకి అంది. టూటూ రైఫిలు రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధన చేసుకోవడానికి అంది.

జేజినాయన మాట

1960ల్లో మా జేజినాయన ఒక లైసెన్సుదారు వెంట తూటాల సంచి మోసేవాడు. నేరస్థ తెగల చట్టం పోయి అప్పటికి పదేళ్ళు దాటింది. ఇంట్లో కుర్రు భాష, ఆయన దగ్గర తెలుగు. గాలికి ఎదురుగా నడిపించడం, ఎద్దు చాటున మందను సమీపించడం జేజినాయన పని. పేల్చడం ఆయన పని.

ఒకనాడు ఆయన కొత్తగా కొన్న టూటూ రైఫిలు తెచ్చాడు. జేజినాయన అరచేతిలో తూటా పెట్టుకుని చూసి, "సామీ, ఇది దానికి సాలదు. కుందేలుకైతే సరే" అన్నాడట. "నీకేం తెలుసురా, నీ బతుకులో తుపాకి పట్టినావా" అని జవాబు. దూరం నుంచే పేల్చాడు. ఇర్రి ఒక్కసారి ఎగిరిపడి పరుగెత్తింది. ఆయన తగల్లేదనుకుని బండెక్కి పోయాడు. జేజినాయన పోలేదు. గడ్డి మీద ఒక చుక్క, రాయి మీద ఒక చుక్క చూసుకుంటూ పొద్దుగూకేదాకా నడిచాడు. వాగు గట్టున అది పడుకుని రొప్పుతోంది. కడుపులో దెబ్బ. కొడవలితో దాని బాధ తీర్చాడు.

మాంసం లైసెన్సుదారు ఇంటికి పోయింది. కొమ్ములు ఆయన గోడకెక్కాయి. చంపినవాడి పేరు ఆయనదే. నేను బడి పిల్లవాడిగా ఉన్నప్పుడు జేజినాయన ఈ సంగతి చెప్పి, "దెబ్బ తగిలిందని సంబరపడొద్దు నాయనా. అది పడిందా లేదా సూడాల. పడగొట్టలేని దెబ్బ కొట్టనే కూడదు" అన్నాడు. రాయి మీది నెత్తుటి చుక్క చదివిన మనిషికి సంతకం రాదు. ఆ రోజుల్లో షికారు పుస్తకాలు ఎన్నో వచ్చాయి. వాటిలో దారి చూపినవాడికి పేరు అరుదు. "మా షికారీ" అని ఒక మాటతో సరి.

ఇప్పటి సంగతి

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణ జింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. పంట తిన్నదన్న కారణంతో చంపడానికి అనుమతి ఇచ్చే వీలు కూడా ఆ షెడ్యూలులోని జంతువుకు లేదు. 1988లో రోళ్ళపాడును బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. అక్కడ కాపాడిన గడ్డిలో జింకలు బాగా పెరిగాయి, పిట్ట మాత్రం తగ్గిపోయింది. నేడు కృష్ణ జింక మన రాష్ట్ర జంతువు.

ఈ చట్టం ఉండాలనే నేనంటాను. అది లేకపోతే రైఫిలున్నవాడు మళ్ళీ వస్తాడు. 1998లో రాజస్థాన్‌లో జింకల వేట కేసులో ఒక పెద్ద సినిమా నటుణ్ణి కోర్టుదాకా లాగింది అక్కడి బిష్ణోయి పల్లెజనం. పల్లె నిలబడితే చట్టం పెద్దవాణ్ణీ తాకుతుందని అది చూపింది. కానీ చట్టం కాపాడిన జింక మేసేది ఎవరి చేను? ఎక్కువగా రెండు మూడెకరాల వాళ్ళది, కౌలుకు చేసేవాళ్ళది. జింక దేశానిదైనప్పుడు దాని మేత ఖర్చూ దేశమే పెట్టుకోవాలి. నష్టపరిహారం విత్తనం మళ్ళీ వేసే వేళకు అందాలి. మంద దారులు, నీళ్ళ వేళలు తెలిసిన మన పెద్దలను కాపలా పనిలో జీతమిచ్చి పెట్టుకోవాలి.

ఆ పిల్లవాడికి నేను చెప్పిన జవాబు ఇది: "ఏ తూటా వద్దురా. టూటూ అయితే దాన్ని నరకం పెడతావు. పెద్దదైతే నువ్వు జైలుకు పోతావు. పోయి మీ జేజినాయనను అడుగు, జింక ఏ వేళకు ఏ దారిన వస్తుందో. రాసుకొని రా."

మరునాడు వాడు రెండు పేజీలు రాసుకొచ్చాడు. చేను గట్లు, వాగు, మంద దిగే చోటు గీతలు గీశాడు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. దాని కింద వాళ్ళ జేజినాయన పేరు రాయించాను.