రంగు పలికే ధర: అనకాపల్లి బెల్లం, వినియోగదారుల చట్టం

వినియోగదారుల చట్టం వ్యాపార ప్రచారాన్ని ఎంత మార్చిందో తేల్చే వ్యాసాలు చాలావరకు టీవీ ముందు నుంచి కదలవు. 2019 చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా పెట్టింది. అందులో నటించిన తారను ఏడాది దాకా ప్రకటనలకు దూరం పెట్టవచ్చంది. 2024లో సుప్రీంకోర్టు ఒత్తిడితో పతంజలి సంస్థ తన ప్రకటనల విషయంలో పత్రికల్లో క్షమాపణ ప్రచురించింది. పరిశోధన అక్కడితో ఆగిపోతోంది. ప్రకటనే లేకుండా సరుకు అమ్ముడుపోయే చోట ఈ చట్టం ఏం చేస్తోంది? ఆ ప్రశ్న అనకాపల్లి ఎన్టీఆర్ మార్కెట్ యార్డు నుంచి మొదలవ్వాలి.

దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన ఈ యార్డులో దిమ్మలు మొదటి, రెండో, మూడో రకాలుగా ధర పలుకుతాయి. రకాన్ని తేల్చేది ప్రధానంగా కన్నే. పసుపు ఛాయ తేలితే పై ధర, ముదురైతే కింది ధర. ఈ తేడాయే గానుగ దగ్గర పాకంలో హైడ్రోస్ వేయిస్తోంది. సోడియం హైడ్రోసల్ఫైట్ అనే ఈ రసాయనం చెరకు రసం రంగును విరిచేస్తుంది. నిల్వలో గాలి తగిలేకొద్దీ బెల్లం మళ్లీ నల్లబడుతుంది. లోపల మిగిలేది సల్ఫర్ డయాక్సైడ్. దానికి ఆహార భద్రతా ప్రమాణాలు గీసిన హద్దు 70 పీపీఎం. బెండ జిగురుతో మడ్డి తీసే పద్ధతి లేకపోలేదు. దానికి హైడ్రోస్ మెరుపు రాదు, ఆ ధరా రాదు.

ఈ స్థితికి ఆర్థికశాస్త్రంలో సిద్ధంగా ఉన్న జవాబు జార్జ్ ఎకర్లాఫ్‌ది. అమ్మేవాడికి తెలిసిన నాణ్యత కొనేవాడికి తెలియనప్పుడు నాసిరకం మంచి సరుకును తరిమేస్తుందని ఆయన 1970లో పాత కార్లను చూపించి వాదించారు. గ్యారంటీలు, బ్రాండ్లు విరుగుడన్నారు. 2001లో నోబెల్ అందుకున్నారు. లేబుల్ ఉంటే చాలనే మన వ్యాసకర్తల ధీమా వెనక ఉన్నది ఈ వాదనే. అనకాపల్లిలో అది చెల్లదు. హైడ్రోస్ సంగతి రైతుకు తెలుసు, కమీషన్ వ్యాపారికి తెలుసు, టోకున కొనేవారికీ తెలుసు. తెలిసే పసుపును ఏరుకుంటారు. ఇక్కడ నాసిరకం చౌకగా వచ్చి మంచిదాన్ని తరమడం లేదు, ఎక్కువ ధర పుచ్చుకుని మరీ తరుముతోంది.

చట్టానికి ఈ రంగు ఎందుకు చిక్కలేదు? ప్రకటనను నిర్వచిస్తూ సెక్షన్ 2(1) కాంతి, ధ్వని, పొగ, వాయువుల దాకా వెళ్లింది. లేబుల్‌ను, రేపర్‌ను, ఇన్వాయిస్‌ను కూడా చేర్చింది. సరుకు ఒంటి రంగు ఆ జాబితాలో లేదు. పైగా తిరిగి అమ్మడానికి కొనేవారు సెక్షన్ 2(7) ప్రకారం వినియోగదారులే కారు. అంటే వేలంపాటలో నిలబడ్డ వ్యాపారికి ఫిర్యాదు హక్కు లేదు. హక్కున్న గృహిణి కిరాణా కొట్లో అరకిలో ముక్క విడిగా కొంటుంది, చాలాసార్లు బిల్లు కూడా ఉండదు. కంటికి కనిపించే రూపంలో నాణ్యతపై అబద్ధమాడినా అది అనుచిత వ్యాపార పద్ధతేనని సెక్షన్ 2(47) చెబుతున్న మాట నిజమే. కానీ యార్డులో ఉన్న వ్యాపారికి హక్కు లేదు, హక్కున్న గృహిణి యార్డులో ఉండదు.

నిబంధనల బరువంతా ప్యాకెట్ మీదే పడింది. ప్యాకెట్ కడితే నికర బరువు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు రాయాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకెట్‌పై 5 శాతం జీఎస్టీ కూడా వేశారు. విడి దిమ్మకు ఇవేవీ లేవు.

రంగు మోజుకు ప్రభుత్వమూ ఆజ్యం పోసింది. సారా కాచడానికి వెళ్తుందన్న అనుమానంతో ఎక్సైజ్ అధికారులు నల్లబెల్లం నిల్వలపై దాడులు చేస్తూ వచ్చారు. ఒక శాఖకు నలుపు అనుమానం, మరో శాఖకు పసుపు ఛాయ కల్తీ. రైతు ఏ రంగు వండాలి?

దిమ్మకు రకం కట్టే చోటనే సల్ఫర్ డయాక్సైడ్ పరీక్ష జరగాలి. ఆ అంకె ధర పక్కనే బోర్డు మీద కనిపించాలి. చెరకు, బెల్లం మీద పనిచేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఆ ఊళ్లోనే ఉంది. మార్కెట్ కమిటీ, ఆహార భద్రతా శాఖ దాని సాయం తీసుకుని, వచ్చే గానుగ సీజన్‌కు ముందే ఈ పని మొదలుపెట్టాలి.