కాప్రీ జాలరి రైలెక్కిన కథ

మా నందిగాం నుంచి తూర్పుగా, ఉద్దానం తోటలన్నీ దాటుకుంటూ పోతే సముద్రం వస్తుంది. చీకటుండగానే లేచి పడవ తోసుకుపోయే జాలర్లని చూసి ఇక్కడెవరూ మైమరచిపోరు. చేప పడిందా అని అడుగుతాం, అంతే. అలాంటి జాలరి మీద కట్టిన పాట ఒకటి ఎముకలు కొరికే చలిదేశంలో ఒక సినిమా వంశానికి మూలపురుషుడైందంటే మా తీరంలో ఎవరూ నమ్మరు.

ఆ పాట జర్మన్ పాట. పేరు ‘కాప్రి ఫిషర్’, అంటే కాప్రీ జాలర్లు. బాణీ గెర్హార్డ్ వింక్లర్‌ది, మాటలు రాల్ఫ్ మరియా సీగెల్‌వి. ఇటలీలో నేపుల్స్ నగరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాతిదీవి కాప్రీ, పది చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పొద్దు నీళ్ళలోకి దిగుతున్న వేళ జాలర్లు వేటకు బయలుదేరుతూ, ఒడ్డునున్న పిల్లని మనసు మార్చుకోవద్దని బతిమాలుకోవడం ఆ పాటలోని సంగతి. (మాది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి లేస్తుందే గాని అందులో దిగదు. మిగతాదంతా మాకు తెలిసిన వ్యవహారమే.)

పాట పుట్టిన ముహూర్తం మాత్రం బాగోలేదు. అది 1943. ఆ ఏడే అమెరికా, బ్రిటన్ సేనలు దక్షిణ ఇటలీలో దిగి కాప్రీని పట్టుకున్నాయి. శత్రువు చేతికి చిక్కిన దీవి మీద విరహగీతమేమిటని జర్మన్ రేడియో దాన్ని పక్కన పడేసింది. యుద్ధం అయ్యాక అదే పాట రూడి షూరికె గొంతులో దేశమంతా మారుమోగింది. కూలిన ఇళ్ళు, రేషన్ కార్డులు, పొయ్యిలోకి బొగ్గు దొరకని చలికాలాలు. 1948 జూన్ 20న కొత్త మార్కు వచ్చాక దుకాణాల్లో సరుకు కనబడింది గాని, ఇటలీ దాకా పోయి రావడం ఇంకా చాలామందికి అందని పండే. పాటకైతే ఖర్చు లేదు.

ఇటలీ మీద జర్మన్ల మోజు ఆనాటిది కాదు. మహాకవి గోథే 1786లోనే ఎవరికీ చెప్పకుండా ఇటలీ బండెక్కేశాడు. అయితే కవి మోజు వేరు, సినిమా టికెట్టు కొనేవాడి మోజు వేరు. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో మొదట జనాన్ని థియేటర్లకు లాగింది సొంతూరి సినిమాలు: అడవులు, కొండలు, పల్లె పిల్ల, జాతర. 1950లో హన్స్ డెప్పె తీసిన ‘ష్వార్త్స్‌వాల్డ్‌మేడెల్’ రంగుల్లో వచ్చి పెద్ద హిట్టయింది. బాంబులు పడని ఊరు చూడాలన్నది అప్పటి జనం కోరిక. అది తీరాక కెమెరా ఆల్ప్స్ కొండలెక్కి అవతలికి దిగింది. 1953లో ‘కాప్రీ నక్షత్రాల కింద’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సినిమా, 1958లో బార్బరా నోఆక్ నవల మీద ‘ఇటలీ యాత్ర – ప్రేమ కూడా కలిపే’ అని ఒక హాస్యచిత్రం. రెండో పేరులోనే ట్రావెల్స్ వాడి ధరలపట్టిక వాసన ఉంది చూడండి.

వీటి తయారీ మనకేం కొత్త కాదు. ముందు పాట హిట్టవుతుంది, దాని చుట్టూ కథ అల్లుతారు. చిన్న అపార్థం, ఒక గిటారు, నీలం సముద్రం, చివర్లో జంటలన్నీ సరిపోతాయి. గాయకులే నాయికా నాయకులు. ఇటాలియన్ తల్లిదండ్రులకు పారిస్‌లో పుట్టిన కాటెరీనా వాలెంటె, ఆస్ట్రియా నుంచి వచ్చిన పీటర్ అలెగ్జాండర్ 1956లో ‘బోంజూర్ కాత్రిన్’లో కలిసి ఆడి పాడారు. వీటిలో గొప్ప సినిమా ఒక్కటీ లేదనే నా అభిప్రాయం. గొప్ప పాటలున్నాయి, అది వేరే సంగతి.

ఈ తేలిక సినిమాల వెనక ఉన్న మనుషుల్లో మాత్రం తేలికైనవాడు కాని ఒకడున్నాడు, ఆర్తుర్ బ్రౌనర్. పోలండ్‌లో పుట్టిన యూదుడు. నాజీల చేతుల్లో బంధువులెందరినో పోగొట్టుకుని, బతికి బట్టకట్టి 1946లో బెర్లిన్‌లో సీసీసీ అనే సంస్థ పెట్టాడు. తను చూసింది చెప్పకుండా ఉండలేక 1948లో ‘మొరిటూరి’ తీశాడు. నాజీ శిబిరం నుంచి తప్పించుకుని అడవిలో దాక్కున్నవాళ్ళ కథ. జనం ముఖం తిప్పుకున్నారు. నెత్తిన పడ్డ అప్పులు తీర్చడానికి ఆయన నవ్వులూ పాటలూ ఉన్న సినిమాలకు దిగాడు. బెర్లిన్ స్పాండౌలో ఆయన స్టూడియో వెలసిన చోటు యుద్ధకాలంలో విషవాయువుల కర్మాగారం. ఆ గోడల మధ్యే మాండలిన్లు మోగాయి.

మరచిపోవాలనుకునే జనానికి మాండలిన్ కావాలి, తప్పు పట్టలేం. కానీ ఆ హాల్లో కూర్చున్న మగవాళ్ళలో కొందరు ఇటలీని అంతకుముందే చూసినవాళ్ళు. 1943 నుంచి 1945 దాకా చేతిలో తుపాకీతో చూశారు. తెర మీది ఇటాలియన్ మాత్రం వాళ్ళని చూసి నవ్వుతూ చేతులు చాపి పాడతాడు, పాతబాకీ ఊసే ఎత్తడు. ఈ సినిమాలు అమ్మింది ఎండనే కాదు, ఆ నవ్వుని కూడా.

అంతలో ఆ నవ్వు మనిషే ఎదురొచ్చాడు. ఫ్యాక్టరీలకు చేతులు చాలక పశ్చిమ జర్మనీ 1955 డిసెంబర్ 20న రోమ్‌లో ఇటలీతో కూలీల ఒప్పందం రాసుకుంది. జర్మన్లు సెలవులకని దక్షిణానికి, ఇటాలియన్లు కూలికని ఉత్తరానికి. ఇటు వచ్చినవాళ్ళకి బ్యారక్‌లలో మంచం, రోజంతా యంత్రం ముందు పని. తెర మీద పాడిన జాలరి తమ ఊరి స్టేషన్లో సూట్‌కేసుతో దిగితే చాలామంది జర్మన్లు గుర్తుపట్టలేకపోయారు.

ఎట్టకేలకు ఆ మనిషిని గుర్తుపట్టిందీ ఒక పాటే. 1962లో కొన్నీ ఫ్రోబెస్ పాడిన ‘ఇద్దరు చిన్న ఇటాలియన్లు’: స్టేషన్ చుట్టూ తిరుగుతూ, ఊళ్ళో వదిలొచ్చిన ఆడపిల్లల్ని తలుచుకునే ఇద్దరు కుర్రాళ్ళ కథ. లక్సెంబర్గ్‌లో యూరోవిజన్ పాటల పోటీకెళ్ళి ఆరో స్థానం తెచ్చుకుంది. హుషారైన బాణీ కావడంతో అందరూ చిటికెలేశారు గాని, కాప్రీ పాటని పూర్తిగా తిరగేసింది అదే. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఒబర్‌హౌసెన్‌లో 26 మంది కుర్ర దర్శకులు పాత సినిమా చచ్చిపోయిందని ప్రకటించారు. నిజానికి దాన్ని అంతకుముందే టీవీ సగం చంపేసింది. 1956లో దాదాపు 82 కోట్ల టికెట్లు తెగిన దేశం అది, ఆ పైన లెక్క ఏటికేడు దిగుతూనే పోయింది.

మన తెలుగు సినిమా కూడా లేనిదాని మీదే మోజు పడింది. 1979లో ‘అందమైన అనుభవం’ పాటల బృందాన్ని వెంటబెట్టుకుని సింగపూర్ చూపించింది. 1987లో జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలో తీశారు. ఎండకి కరువులేని మనకి ఆ తర్వాత మంచుకొండల పాటలు కావాల్సి వచ్చాయి. ‘రాధేశ్యామ్’ (2022) నేరుగా ఇటలీకే పోయింది, కోవిడ్ అడ్డొస్తే హైదరాబాద్‌లో ఇటలీ సెట్లు వేసుకున్నారు.

మా వైపు మనుషులు మాత్రం సినిమాల కంటే ముందే సముద్రాలు దాటారు. తాతల నాడు రంగం (రంగూన్) పోయారు, ఇప్పుడు గల్ఫ్. జాలర్లు వేటకని గుజరాత్‌లోని వెరావల్ పోతారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టి పోయిన మరుసటి నెలలోనే, గుజరాత్ వైపు వేటలో ఉన్న మా తీరంవాళ్ళని పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరిలో వదిలింది. ఆ ఉదంతం మీద 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ సినిమా వచ్చింది. పాటలున్నాయి, పడవ ఉంది, ఒడ్డున కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసే పిల్ల ఉంది. కాప్రీ పాటలో ఉన్న సరంజామా అంతా అదే. కాకపోతే ఈసారి టికెట్ కొని కూర్చున్నవాళ్ళలో ఆ పడవవాళ్ళ ఊరివాళ్ళూ ఉన్నారు.