తెలుగు చర్చలూ, వాటిని మోసుకొచ్చిన ఫీడులూ

తెలుగు బ్లాగుల చరిత్ర అనగానే మనవారు లేఖినితోనో కూడలితోనో మొదలుపెడతారు. రెండూ 2006లో వీవెన్ గారి చేతిమీదుగా వెలువడినవి కనుక అది సహజమే. కాని తెలుగువారు అంతర్జాలంలో వాదులాడుకోవడం అంతకు చాల ముందే ఆరంభమయినది. 1990ల తొలినాళ్ళలో యూజ్‌నెట్టులో మనకొక చర్చావేదిక ఉండేది. ముద్దుగా 'స్కిట్' అనేవారు. వ్రాత అంతా రోమను లిపిలోనే. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఏర్పరచిన ఆర్.టి.ఎస్. పద్ధతి అప్పటిదే. లేఖినిలో మనం వ్రేళ్ళు ఆడించినది ఆ బాటలోనే.

తరువాత యాహూ గుంపుల కాలం. రచ్చబండ వంటి చోట్ల సాహిత్యచర్చ ఉత్తరాల రూపంలో సాగింది. అక్కడొక చిక్కు ఉన్నది. గుంపులో చేరితే ఉత్తరాలన్నీ వరదలాగా ఇంటిమీదికి వచ్చేవి. మానితే చుక్కయినా రాదు.

ఫీడు ఈ వరుసను తిరగవేసింది. 1999 మార్చిలో నెట్‌స్కేపు సంస్థ దీనిని తొలుత ప్రవేశపెట్టింది. రూపకర్తలలో రామనాథన్ గుహ అనే భారతీయుడు ఒకరు. 2002లో ఆర్.ఎస్.ఎస్. 2.0, 2005లో ఆటమ్ ప్రమాణం వచ్చినవి. పని చాల సులువు. కొత్త టపాల శీర్షిక, రచయిత పేరు, వేళ, పాఠం ఒక చిన్న దస్త్రంలో ఉంటాయి. మన ఫీడు రీడరు అప్పుడప్పుడు వెళ్ళి కొత్తదేమైనా ఉన్నదా అని అడిగి తెచ్చుకొంటుంది. మన చిరునామా ఎవరికీ ఇవ్వనక్కరలేదు. విసుగు పుడితే, ఎవరి అనుమతీ లేకుండ మానుకోవచ్చు.

అయితే ఫీడు ఉన్నంత మాత్రాన తెలుగుకు ఒరిగినదేమీ లేదు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉన్నది. ఆనాటి పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటుతో నడిచేవి. తెరమీద 'క' కనబడినా, లోపల దాగినది ఏదో ఆంగ్లాక్షరమో చిహ్నమో. ఫీడు ఫాంటును మోయదు, అక్షరసంకేతాన్ని మాత్రమే మోస్తుంది. అట్టి పాఠం ఫీడులో పడితే అర్థంలేని గుర్తుల గుట్ట అవుతుంది. యూనికోడులో తెలుగుకు 1991లోనే స్థానం దొరికినా, సామాన్యుల కంప్యూటరులో అది కనబడసాగినది 2001లో విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు వచ్చిన తరువాతనే. వెన్న నాగార్జున గారి 'పద్మ' పాత ఫాంట్ల పాఠాన్ని యూనికోడులోనికి మార్చిపెట్టింది. ఇంత జరిగితే గాని పదిమంది బ్లాగులను ఒక్క పుటలో పేర్చి చూపే కూడలికి నేల ఏర్పడలేదు. ఆ వెనుక తేనెగూడు, జల్లెడ, హారం, 2010లో మాలిక వచ్చినవి. టపాలకు తోడు వ్యాఖ్యలను కూడ వరుసగా చూపడం మొదలయిన తరువాత, ఏ టపా క్రింద కయ్యం రగులుతున్నదో గంటలో లోకమంతటికీ తెలిసేది! అది మేలో కీడో, ఆనాటి మిత్రులను అడగండి.

మా భవానీపురం ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ ఒడ్డున ఉన్నది. బ్యారేజీకి దిగువన కృష్ణా కాలువమీద 1935లో పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ రేవు రేవునా ఆగి పుస్తకాలు ఇచ్చి, పాతవి తీసుకొని పోయేది. ఫీడును తలచినప్పుడెల్లా నాకు ఆ పడవ గుర్తుకు వస్తుంది. పడవలోని పుస్తకం తిరిగి ఇచ్చివేయాలి. ఫీడులో వచ్చినది మనవద్దనే ఉంటుంది అనుకొన్నాము.

ఉండలేదు. ఫీడు సాధారణంగా చివరి పదో పాతికో టపాలను మాత్రమే మోస్తుంది. మనలో చాలమందికి ఆధారమైన గూగుల్ రీడరు 2013 జూలై 1న మూతబడింది. యాహూ గుంపుల పాత ఉత్తరాలను తొలగించి, 2020 డిసెంబరు 15న ఆ గుంపులనే మూసివేశారు. వెంబడించడం వేరు, భద్రపరచడం వేరు. మనం మొదటిదానితో తృప్తిపడ్డాము. ఈనాటి సామాజిక మాధ్యమాలలోనైతే ఆ మొదటిదీ మన చేతిలో లేదు. ఏది ముందు చదవాలో యంత్రం తేల్చి పెడుతున్నది.

వర్డ్‌ప్రెస్, బ్లాగర్ బ్లాగులు మాత్రం నేటికీ ఫీడును ఇస్తూనే ఉన్నవి. టపాలకు ఒకటి, వ్యాఖ్యలకు ఒకటి. పదేండ్లుగా కొత్త టపా లేని బ్లాగులను కూడ నేను నా పట్టికనుండి తీసివేయలేదు. క్రిందటి ఏడాది వాటిలో ఒకదాని క్రింద ఒక వ్యాఖ్య మొలిచింది: రెండవ పద్యం మూడవ పాదంలో యతి తప్పిందని.